రెండు పెట్టెలు, ఒకే తెర

మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయని విని, మేమేదో బాగా ఉన్నవాళ్ళమని ఊళ్ళో అనుకునేవారు. లోపలికి వచ్చి చూస్తే కింద నల్ల పెట్టెలు రెండుండేవి గానీ బల్ల మీద తెర ఒకటే, కీబోర్డు ఒకటే, మౌసు ఒకటే.

"రెండో దాని మొకమేదమ్మే?" అని పక్కింటి అవ్వ అడిగింది.

"దానికి మొకం లేదవ్వా. పని పడినప్పుడు దీని మొకమే అరువు తెచ్చుకుంటాది" అన్నాను.

ఎగతాళి చేస్తున్నాననుకుని ఆమె మూతి తిప్పుకుంటూ వెళ్ళిపోయింది. నేను చెప్పింది నిజమే. ఇప్పటికీ మా ఇంట్లో అదే ఏర్పాటు, రెండు పెట్టెలకు ఒకే తెర.

అంతకుముందు మార్కాపురంలో ఒక స్టూడియోలో ఆరేళ్ళు మిక్సింగ్ చేశాను. కెమెరా వాళ్ళు గంటల తరబడి తీసుకొచ్చిన పెళ్ళిలోంచి పనికొచ్చేది ఏరి, వరసలో పెట్టి, పాటలు కలిపి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా తయారుచేయడం నా పని. స్టూడియో మూసేస్తున్నామని తెలిసిన రోజున అందరూ హైదరాబాదు దారి చూసుకున్నారు. నేను మాత్రం అక్కడి పాత కంప్యూటర్లు రెండు, రంగులు సరిగ్గా చూపించే తెర ఒకటి అడిగి తీసుకున్నాను. ఇంటి దగ్గరే మొదలుపెడతానంటే స్టూడియో ఆయన నవ్వాడు.

"కొనకనమిట్ల పక్కన పల్లెలో నీ కాడికి ఎవురొస్తారమ్మా?"

"రాకపోతే నేనే వాళ్ళ కాడికి పోతా" అన్నాను. పొగరుగా అనలేదు. నిజంగానే పోదామనుకున్నాను.

ఈ పనికి ఒక కంప్యూటరు చాలదు. ముక్కలు కలిపి కుట్టిన పెళ్ళిని చివరి వీడియోగా మార్చమని దానికి చెప్పామంటే ఐదారు గంటలు దాని జోలికి పోకూడదు. అంతసేపూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేం కాబట్టి, రెండోదాంట్లో ఆల్బం పేజీలు చేసుకోవాలి. ఇంకో తెర కొనే స్తోమత లేదు, కొన్నా పెట్టే చోటూ లేదు. వేరుశనగ విత్తనం మూటలు వేసుకునే గదిని నాయన నాకోసం ఖాళీ చేసి, గోడలకు తనే సున్నం కొట్టి, పాత తలుపు చెక్కతో బల్ల కట్టి ఇచ్చాడు. ఆ గదిలో ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళు నిలబడాలి.

అందుకని ఒంగోలు నుంచి అరచేతిలో పట్టే స్విచ్ పెట్టె ఒకటి తెప్పించాను. రెండు కంప్యూటర్ల తీగలూ దాంట్లోకే వస్తాయి. తెర, కీబోర్డు, మౌసు కూడా దానికే తగులుకుంటాయి. పైన ఒక మీట, ఒకటి, రెండు అని రెండు చిన్న దీపాలు. మీట నొక్కితే తెర ఒకటో పెట్టెను వదిలి రెండో పెట్టెను చూపిస్తుంది. కీబోర్డు, మౌసు కూడా దాంతోపాటే అటు వెళ్ళిపోతాయి.

"ఇదేందమ్మా?" అని నాయన వచ్చి కూర్చున్నాడు. నాయనకు నలభై గొర్రెలు, ఆరెకరాల చేను. కంప్యూటరు మాట వస్తే దూరం జరిగే మనిషి, ఆ పెట్టెను మాత్రం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మన బోరు లెక్కనే నాయనా" అన్నాను.

మా చేనికీ చిన్నాయన చేనికీ ఒకటే బోరు. ఒక రోజు మాకు, ఒక రోజు వాళ్ళకు. పైపు పైకి రాగానే రెండుగా చీలుతుంది, చెరొక వాల్వు ఉంటుంది. "మోటారు ఒకటి, చేలు రెండు, మధ్యలో వాల్వు. ఇది అదే" అన్నాను.

"అట్ల జెప్పు మరి!" అన్నాడు నాయన. ఆ రోజు నుంచి ఆ పెట్టెకు వాల్వు అనే పేరు స్థిరపడింది. ఇంటికి వచ్చినవాళ్ళకు నాయనే చూపించేవాడు. "ఇప్పుడు రెండో చేనికి పారతాంది" అని దీపం మీద వేలు పెట్టి చెప్పేవాడు. ఇంత కష్టమైన సంగతి ఇంత సులువుగా చెప్పానని నా గొప్ప నాకుండేది. బోరులో నీళ్ళు ఇటు పారితే అటు ఆగిపోతాయి. కంప్యూటర్లు అట్లా కాదు, తెర ఇటు తిరిగినా అటు పెట్టె తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఆ ముక్క ఆయనకు చెప్పలేదు. చెప్పాలని తోచనేలేదు.

నా సొంతంగా వచ్చిన మొదటి పెళ్ళి కూడా నాయన తెచ్చిందే. దోర్నాల అవతల పల్లెలో గొర్రెలు మేపే కుటుంబం వాళ్ళది. ఎండాకాలంలో మందలు తోలుకుపోయినప్పుడు కలిసిన స్నేహం, ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. నేను ఆయన్ని మామా అంటాను. "మా పాప చేస్తాది బావా, మార్కాపురం వాళ్ళకంటే బాగా చేస్తాది" అని నాయన మాటిచ్చి వచ్చాడు. వాళ్ళకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దదాని పెళ్ళి బాగా వస్తే చిన్నదాని పెళ్ళీ నాదే, ఆ చుట్టాల పెళ్ళిళ్ళూ నావే. పాడైతే మాత్రం పల్లెలో కూర్చుని వీడియోలు చేస్తానన్న నా పంతం అక్కడితో సరి. ఇది నాకూ తెలుసు, నాయనకూ తెలుసు.

పెళ్ళయిన మర్నాడు పొద్దున కెమెరా అన్న రెండు మెమరీ కార్డులు తెచ్చి ఇచ్చాడు. మార్కాపురం నుంచి నేను మాట్లాడుకున్న మనిషి ఆయన. మొదటి కార్డులో పెళ్ళికూతుర్ని చేయడం దగ్గర్నుంచి తాళి దాకా. రెండోదాంట్లో తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు. సాయంత్రం గిద్దలూరులో ఇంకో పెళ్ళి ఉందనీ, మొదటిది తర్వాత ఇచ్చినా సరే గానీ పన్నెండుకల్లా రెండో కార్డు ఖాళీ చేసి ఇవ్వమనీ చెప్పి, కొనకనమిట్లలో పని చూసుకొస్తానని వెళ్ళాడు.

కార్డు ఖాళీ చేయడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కంప్యూటరులోకి కాపీ చేయాలి, అన్నీ వచ్చాయో లేదో తెరిచి చూడాలి, ఆ తర్వాతే కార్డు తుడవాలి. స్టూడియోలో చేరిన మొదటి రోజే నాకు నేర్పిన పాఠమిది. ఆ తర్వాత వచ్చిన పిల్లలకు నేనే నేర్పాను. ఆ రోజు టైము పదకొండు దాటింది. కాపీకి బదులు కట్ కొట్టాను. అట్లా చేస్తే ఒక్కొక్క ఫైలు ఇటు చేరగానే అటు కార్డులోంచి మాయమవుతుంది, తుడిచే పని తప్పుతుంది. ఒకటో పెట్టెకు ఆ పని అప్పజెప్పి, మీట నొక్కి, రెండోదాంట్లో ఆల్బం అట్ట మొదలుపెట్టాను. ఇంతలో కెమెరా అన్న ఫోను. మా గదిలో మాట సరిగ్గా వినిపించదు, రోడ్డు మీది కల్వర్టు దాకా పోవాలి. పోయాను.

తిరిగి వచ్చేసరికి నాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గదిలోంచి బయటికి వస్తున్నాడు. మొహంలో ఏదో మేలు చేసిన సంతోషం.

"ఏందమ్మా నువ్వు, రెండోదానికి పారించుకుంటా ఒకటోదాన్ని వట్టిగా తిప్పుతాండావు? బొయ్యిమని అరుస్తాంది, చెయ్యి పెడితే కాలతాంది. ప్లగ్గు పీకేసినా. నీళ్ళు లేకుండా తిరిగితే మోటారు కాలిపోదా?"

ఆయన అట్లా రెండు మోటార్లు కాల్చుకున్న మనిషి. బోరు ఎండి గాలి తోలుతోందని తెలియక ఒకసారి, తెలిసీ ఇంకాసేపు చూద్దామని ఒకసారి. అప్పటి నుంచి మోటారు అరుపు మారితే నిద్రలోంచైనా లేచి పరుగెత్తేవాడు. నా మోటారు కాలిపోకూడదనే ఆ ప్లగ్గు పీకాడు.

నేను ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. తెర నల్లగా ఉండిపోయింది. పాత డిస్కు, పనిలో ఉండగా కరెంటు పోయేసరికి దెబ్బతింది, ఎన్నిసార్లు చేసినా తెరుచుకోలేదు. కార్డు తీసి రెండోదాంట్లో పెట్టి చూశాను. పెళ్ళికూతురు బండెక్కి పోయాక తీసిన చివరి నాలుగు ఫైళ్ళు తప్ప కార్డు ఖాళీ.

నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ముక్కు దిగి నోట్లోకి వచ్చింది.

"నిన్నెవురు రమ్మన్నారు నాయనా ఈ గదిలోకి? అంతా పోయింది! పెండ్లి మొత్తం పోగొట్టినావు! పోయి నీ గొర్రెలు చూసుకో. ఇంకెప్పుడూ ఈ గదిలోకి రావద్దు!"

నాయన ప్లగ్గు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, గడప దాటి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన తర్వాతే నాకు అసలు సంగతి తట్టింది. నేను కాపీ చేసి ఉంటే ఆయన ప్లగ్గు పదిసార్లు పీకినా కార్డులో పెళ్ళి పెళ్ళిలాగే ఉండేది. పోగొట్టింది నేను. వెంటనే వెనకాలే వెళ్ళి ఆ మాట చెప్పవలసింది. చెప్పలేదు. కోపం అడ్డం పెట్టుకుని నా తప్పు దాచుకున్నాను. ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

అయితే చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్డు ఇవ్వనని కెమెరా అన్నకు చెప్పాను. ఆయన తిట్టిన తిట్లన్నీ విన్నాను, చివరికి ఎవరి దగ్గరో ఇంకో కార్డు అడుక్కుని గిద్దలూరు వెళ్ళాడు. తుడిచేసిన ఫైళ్ళు నిజంగా మాయమైపోవనీ, వాటి మీద కొత్తవి రాయనంతవరకూ కార్డులో ఎక్కడో పడి ఉంటాయనీ నాకు తెలుసు. వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మూల పడేసిన పాత డిస్కు ఒకటి వెతికి ఒకటో పెట్టెకు బిగించాను, అన్నీ మొదటి నుంచి ఎక్కించాను. దెబ్బతిన్న డిస్కును ఒకటోదాంట్లో, కార్డును రెండోదాంట్లో వెతకడానికి పెట్టాను. అప్పటి నుంచి మీట నొక్కడమే నా పని. ఒకటోదాంట్లో వందకు మూడు, రెండోదాంట్లో పదకొండు. మళ్ళీ నొక్కితే ఒకటోదాంట్లో ఇంకా మూడే. దక్కినంత దక్కించుకునే దాకా బల్ల దగ్గర్నుంచి లేవనని గట్టిగా అనుకున్నాను.

పొద్దున మంద తోలుకుపోయేముందు నాయన గడప అవతల వచ్చి నిలబడేవాడు.

"పారతాందా?"

"పారతాంది" అనేదాన్ని, తల తిప్పకుండా.

అంతే, వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం సంగటి గిన్నె తెస్తే గడప మీదే పెట్టి పిలిచేవాడు. నేను లేచి వచ్చి తీసుకోవాలి. రెండో రోజు అమ్మ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మీ నాయన గడప దాటమంటే దాటడు. ఏమన్నావే ఆయన్ని?"

"నేనేమంటాను? నాకు పని ఉండాది, పో" అని కసిరాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. అమ్మకు నా సంగతి తెలియనిది కాదు, ఇంకేమీ అడగకుండా వెళ్ళింది.

డిస్కు మూడు రోజులు వెతికినా ఏమీ ఇవ్వలేదు. కార్డు ఇచ్చింది. వందల ఫైళ్ళు, పేర్లూ లేవు, వరసా లేదు. భోజనాల తర్వాత తలంబ్రాలు, తలంబ్రాల మధ్యలో ఎవరో పిల్ల ఏడుపు. ఒక్కొక్కటీ తెరిచి చూసి, జనం కట్టుకున్న చీరలను బట్టి, గోడ మీద పడే ఎండను బట్టి వరస పేర్చాను. వారం పట్టింది. తలంబ్రాలు పూర్తిగా వచ్చాయి. భోజనాలు వచ్చాయి. అప్పగింతలు మాత్రం రాలేదు. ప్లగ్గు పీకే వేళకు కార్డులోంచి కదులుతున్నవి అవే అయ్యుండాలి, ఆ ఫైళ్ళు తెరిస్తే ఆకుపచ్చ మరకలు, ముక్కలు ముక్కలుగా మొహాలు. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా అంతకు మించి కుదరలేదు.

"ఫోటోలు పెట్టి పాటేసెయ్యమ్మా, ఎవురికి తెలుస్తాది?" అన్నాడు కెమెరా అన్న.

ఫోటోలు పెట్టాను. వాళ్ళకు చెప్పకుండా ఊరుకోకూడదని మాత్రం అనుకున్నాను. అయితే ఏం చెప్పాలన్న దగ్గర నా ధైర్యం సగమే. కరెంటు పోయి పాడైందని చెబుదామనుకున్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు, నన్నూ నాయననూ ఇద్దర్నీ కాస్తుంది.

మాటిచ్చింది తనే కాబట్టి తనూ వస్తానన్నాడు నాయన. మార్కాపురం పోయి, అక్కడ బస్సు మారి దోర్నాల, అక్కడి నుంచి ఆటో.

పెన్‌డ్రైవు టీవీకి పెట్టగానే ఇల్లంతా నిండిపోయింది. పెళ్ళికూతురు కూడా అత్తగారింటి నుంచి వచ్చి ఉంది. తాళి దగ్గర అందరూ నిశ్శబ్దంగా చూశారు. తలంబ్రాల దగ్గర ఒకటే నవ్వులు. "బాగా చేసినాది బావా మీ పాప" అన్నాడు మామ. చాప మీద కూర్చున్న నాయన తల వంచుకున్నాడు. చివరికి అప్పగింతలు వచ్చాయి. పాట, ఆరు ఫోటోలు, అయిపోయింది.

"ఇదేంది?" అంది పెళ్ళికూతురి తల్లి. "బిడ్డ నన్ను పట్టుకుని వదల్లే గదా. వాళ్ళ నాయన కూడా ఏడ్చినాడు. అది ఏదమ్మా?"

"అత్తా, అదీ... కరెంటు..." అన్నాను.

నా మాట పూర్తి కాకముందే నాయన లేచి నిలబడ్డాడు. తన ఈడు మనిషి ముందు, అన్ని మొహాల ముందు, రెండు చేతులూ జోడించాడు.

"బావా, అది నా వల్లనే పోయింది. వట్టిగా తిరుగుతాందని నేనే ప్లగ్గు పీకినా. చదువు లేనోన్ని, తెలవక చేసినా. పాప తప్పేం లేదు. పాపనేమీ అనొద్దు."

పది రోజులుగా ఆయన మోసుకు తిరుగుతున్నది నా బరువు. ఆయన్ని ఇంకొక్క నిమిషం అట్లా నిలబడనివ్వకూడదనుకున్నాను. వెళ్ళి ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాను.

"కాదు మామా" అన్నాను. "నాయన ప్లగ్గు పీకినా కార్డులో అన్నీ ఉండాల్సిందే. తొందరలో కార్డు ఖాళీ అయ్యేటట్టు చేసింది నేను. అట్ల చెయ్యగూడదని నాకు ఆరేండ్ల నుంచి తెలుసు. తెలిసీ చేసినా. ఒకటి నడస్తాంటే ఇంకోటి ఆగిపోతాదని నాయనకు తప్పుగా చెప్పింది కూడా నేనే. అంతా ఆయన మీదేసి, ఇన్నాళ్ళూ నోరు మూసుకోనుండా."

మామ లేచి టీవీ ఆపాడు.

"ఒప్పుకున్నావు, మంచిదే" అన్నాడు చివరికి. "కానీ చిన్నదాని పెండ్లికి మార్కాపురం వాళ్ళనే పెట్టుకుంటాంలేమ్మా. ఏమనుకోవద్దు."

"సరే మామా" అన్నాను. ఏమనుకోవడానికీ నాకు హక్కు లేదు. భోజనం చేయకుండా పోవద్దని అత్త ఆపింది. తిన్నాం. ఆమె నాయన ఆకులో రెండోసారి కూర వడ్డించింది, నాకు వడ్డించలేదు.

దోర్నాల కూడలిలో మార్కాపురం బస్సు కోసం నిలబడ్డాం. శ్రీశైలం పోయే కార్లు హోటళ్ళ ముందు వరసగా ఆగి ఉన్నాయి. నాయన రెండు టీలు చెప్పాడు. ఆటోలోనూ మాట్లాడలేదు, ఇక్కడా మాట్లాడలేదు. తిడతాడని ఎదురు చూశాను. తిడితే బాగుండుననిపించింది. చిన్నదాని పెళ్ళి పోయిందన్న బాధ ఒక పక్క ఉంది, ఇంకో పెళ్ళి వెతుక్కుంటానన్న మొండితనమూ ఉంది. వాటన్నిటికంటే ఈయన మౌనమే నన్ను ఎక్కువ కోసింది.

"కోపమొచ్చిందా నాయనా?" అన్నాను.

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టాడు. తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, ఆగిన కార్ల వైపు చూస్తూ, ఎవరి ఇంటికో కొత్తగా వచ్చిన మనిషిలాగా అడిగాడు.

"అయితే అమ్మా, నేనింక ఆ గదిలోకి రావచ్చునా?"